కడలి దాటిన పాటలు
(వియత్నాం ప్రవాసుల గానమును గూర్చిన పాఠము)



కడచిన తలిదండ్రుల సమావేశమున ఒక తల్లి మమ్ము ఇట్లడిగినది: "మాస్టారండీ, ఇంట్లో తెలుగు పాటలు పెడుతూనే ఉంటామండీ. మావాడు వింటాడు, తల ఊపుతాడు. ఒక్క మాటకీ అర్థం అడగడు. ఈ పాటల వల్ల భాష నిలుస్తుందంటారా?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మన పిల్లలకు బడిలో తెలుగు, వీధిలో ఒడియా, కచేరీలలో ఇంగ్లీషు. ఇంటిలో మిగిలిన కొద్దిపాటి వేళలో పాట ఏమి చేయగలదు? మేము పొరుగుననున్న ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణము పొందిన కాలమున, పాట బోధనకు సాధనమని నేర్చితిమి. కాని సొంత నేలకు దూరమైన జనమునకు పాట ఎట్లు తోడ్పడునో మాకు ఎవరును చెప్పలేదు. కావున ఆ తల్లి ప్రశ్నను మనకంటె కఠినమైన పరిస్థితిలో ఎదుర్కొనిన ఒక జాతి చరిత్రను ఈ పాఠమున పరిశీలింతము. వారు వియత్నామీయులు.

1. దేశము రెండైన కథ

వియత్నాం ఆసియా ఖండమునకు ఆగ్నేయమున, సముద్రతీరము వెంబడి పొడవుగా సాగిన దేశము. మన యానాము వలెనే అదియు ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. 1954లో యానాము ఫ్రెంచివారి చేతినుండి విడివడినది. ఆ సంవత్సరమే జెనీవా నగరమున జరిగిన ఒప్పందము వలన వియత్నాం 17వ అక్షాంశము వద్ద ఉత్తర, దక్షిణ భాగములుగా చీలినది. ఆ ఒప్పందము అమలును పర్యవేక్షించిన అంతర్జాతీయ సంఘమునకు మన భారతదేశమే అధ్యక్షత వహించెను.

అప్పుడు 8 లక్షలకు పైగా జనులు ఉత్తరభాగమును వీడి దక్షిణమునకు వలస వచ్చిరి. సైగాన్ నగరమున స్థిరపడిన ఆ కుటుంబములకు హనోయి నగరపు వీధులు, చలికాలపు జల్లులు తలపునకు వచ్చెడివి. ఆ విరహమును గూర్చి కవులు పాటలు కట్టిరి. అనగా వియత్నామీయులు దేశము దాటక పూర్వమే, తమ దేశములోనే ప్రవాస గీతములు పాడుకొనిరి. ఈ విషయమును జ్ఞప్తియందుంచుకొనుడు.

తరువాత దీర్ఘకాలము యుద్ధము జరిగెను. 1975 ఏప్రిల్ 30వ తేదీన సైగాన్ ఉత్తర సైన్యముల వశమైనది. ఆ సంవత్సరమే సుమారు 1 లక్షా 30 వేలమంది అమెరికాకు చేరిరి. ఆ పిమ్మట అనేకులు చిన్న పడవలలో రహస్యముగా సముద్రముపై బయలుదేరిరి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క ప్రకారము 1975 మొదలు 1995 వరకు పడవలలో పరదేశ తీరములకు చేరినవారు దాదాపు 8 లక్షలు. తుపానులకును, ఆకలికిని, సముద్రపు దొంగలకును బలియైనవారు ఎందఱో. బ్రతికి ఒడ్డు చేరినవారు మలేషియాలోని బిడోంగ్ ద్వీపము, ఇండోనీషియాలోని గలాంగ్ ద్వీపము మొదలగు చోట్ల శిబిరములలో తలదాచుకొని, క్రమముగా అమెరికా, ఫ్రాన్సు, కెనడా, ఆస్ట్రేలియా దేశములకు చేరుకొనిరి.

2. స్వరమే అర్థమైన భాష

ఆ పడవలలో సామాను తెచ్చుకొనుటకు చోటు లేదు. పాట మాత్రము బరువు లేనిది గనుక వారి వెంట వచ్చెను. వియత్నామీయులకు పాట ఎందులకు అంత ముఖ్యమైనదో తెలియవలెనన్న, వారి భాషను గూర్చి కొంత తెలిసికొనవలెను.

వారి భాషలో మూలపదములు చాలవఱకు ఒకే అక్షరము గలవి. ఆ అక్షరమును ఏ స్వరముతో పలికితిమో దానిని బట్టి అర్థము మారును. ఉత్తరాది ఉచ్చారణలో ఇట్టి స్వరములు ఆఱు. 'మ' అను ఒక్క అక్షరమును చూడుడు. సమముగా పలికిన దయ్యము. గొంతెత్తి పలికిన తల్లి (ఇది దక్షిణాదివారి వాడుక). మెల్లగా దింపి పలికిన 'కాని' అను అవ్యయము. తక్కిన మూడు స్వరములలో పలికిన సమాధి, గుఱ్ఱము, వరినారు అను అర్థములు వచ్చును. తల్లిని పిలువబోయి దయ్యమును పిలుచుట ఆ భాష నేర్చుకొను పరదేశీయునకు సులభమే!

ఇట్టి భాషలో పాట కట్టువాడు రాగమును తన ఇష్టము వచ్చినట్లు నడపజాలడు. మాట స్వరము పైకి పోవలెనన్న చోట రాగము క్రిందికి దిగెనేని, వినువానికి వేఱొక మాట వినబడును. కావున మంచి వియత్నామీయ గీతమున రాగము మాటను అనుసరించి నడచును. దీని ఫలితమేమి? పరదేశమున పుట్టిన బిడ్డ ఒక పాటను సరిగా పాడ నేర్చిన, ఆ మాటల స్వరములను గూడ కొంతవఱకు నేర్చినట్లే యగును.

ఈ భాషాభిమానమునకు సాక్ష్యముగా ఒక పాటను పేర్కొందుము. ఫామ్ జుయ్ (1921–2013) ఆ దేశపు సుప్రసిద్ధ గేయకర్త. ఆయన 1950 తరువాతి తొలి సంవత్సరములలో రచించిన 'తిన్ కా' అను గీతము దేశభక్తి గీతము. కాని అది జెండాతోనో యుద్ధముతోనో ఆరంభము కాదు. మాతృభాషపై ప్రేమతో ఆరంభమై, పిదప నేలను, ఆ పిదప ప్రజలను కీర్తించును. ప్రవాసుల సభలలో ఈ పాట వినగానే వృద్ధులు కన్నీరు పెట్టుట ఆశ్చర్యము కాదు.

3. పసుపు పాటలు

దక్షిణ వియత్నాంలో 1975కు ముందు వెలసిన ప్రేమ, విరహ గీతములకు 'న్యాక్ వాంగ్' అని పేరు వచ్చెను. 'వాంగ్' అనగా పసుపు. బంగారమనియు అర్థము కలదు. లాటిన్ అమెరికా నుండి వచ్చిన బొలేరో అను మందగతి తాళమున, సైనికుని ఎడబాటును, పల్లెను విడిచిన పేదవాని దిగులును ఈ పాటలు చెప్పును. నాగలి పట్టువారును, రిక్షా లాగువారును వీనిని పాడుకొనిరి.

ఉత్తర ప్రభుత్వమునకు విప్లవగీతములు ఇష్టము. వానిని 'ఎఱ్ఱ పాటలు' అనిరి. పసుపు పాటలు మనస్సును బలహీనపఱచునని వారు తలచిరి. హనోయిలో 1971లో ఇట్టి పాటలు పాడిన కొందఱికి చెఱసాల శిక్ష పడెను. 1975 తరువాత దేశమంతటను ఈ పాటలు నిషేధింపబడినవి. టేపులను దాచుకొనుట కూడ ప్రమాదకరమయ్యెను.

ఇక్కడ ఒక విచిత్రము జరిగినది. స్వదేశమున వినరాని పాటలు పరదేశమున బహిరంగముగా మ్రోగినవి. తమతో తెచ్చుకొనిన సైగాన్ టేపులకు ప్రతులు తీసి, కాలిఫోర్నియాలోను పారిస్‌లోను వియత్నామీయ దుకాణములలో అమ్మిరి. హనోయిని తలచుకొని 1954లో వ్రాసిన గీతములు ఇప్పుడు సైగాన్‌ను తలచుకొనుటకు పనికివచ్చినవి. మఱియు క్రొత్త పాటలును పుట్టినవి. శరణార్థిగా అమెరికా చేరిన నామ్ లోక్ 1975లో సైగాన్‌కు వీడ్కోలు చెప్పుచు ఒక గీతము రచించెను. వియెత్ జుంగ్ (1958–2013) అను యువకుడు, స్వదేశమున మిగిలిన బంధువులకు ప్రవాసి పంపు చిన్న చిన్న కానుకలను గూర్చి ఒక గీతము కట్టెను. ఆ కాలమున మందులు, గుడ్డలు మొదలగు వస్తువులు మూటగట్టి పంపని ప్రవాస కుటుంబము అరుదు. అందువలన ఆ పాట ప్రతి ఇంటి కథయే అయినది.

4. ఒక ఉపాధ్యాయుడు స్థాపించిన వేదిక

తో వాన్ లై ఒకప్పుడు తత్త్వశాస్త్రము బోధించిన ఉపాధ్యాయుడు. ఆయన సైగాన్‌లో 'థుయ్ న్గా' అను పేర పాటల వ్యాపారము నడపెను. దేశము వీడి పారిస్ చేరిన పిమ్మట, 1983లో 'పారిస్ బై నైట్' అను సంగీత ప్రదర్శనను వీడియో టేపుగా వెలువరించెను. తరువాత ఆ సంస్థ కాలిఫోర్నియాకు మారినది. అక్కడ వెస్ట్‌మిన్‌స్టర్ పరిసరమున 'లిటిల్ సైగాన్' అను వియత్నామీయుల పేట వెలసియున్నది. 1988లో దానికి ఆ పేరు అధికారికమైనది. తో వాన్ లై 2022లో మరణించెను.

ఒక్కొక్క ప్రదర్శన అనేక గంటలు సాగును. పాట, నృత్యము, హాస్యనాటిక, దక్షిణాది రంగస్థల గానమైన 'వోంగ్ కో' అన్నియు అందులో నుండును. ఈ 'వోంగ్ కో'కు మూలము 1919 ప్రాంతమున కావో వాన్ లావ్ కట్టిన ఒక గీతము. రాత్రివేళ నగారా మ్రోత విని దూరమున నున్న భర్తను తలచుకొను ఇల్లాలి పాట అది. ఎడబాటు ఆ సంగీతమునకు పుట్టుకతోనే వచ్చిన విషయమని దీనివలన తెలియుచున్నది.

ఆ టేపులను ప్రవాస కుటుంబములు తాతలు, మనుమలు కలిసి కూర్చుండి చూచెడివి. స్వదేశమున వీనికి అనుమతి లేకున్నను, చుట్టపు చూపుగా పోయినవారు తీసికొనిపోగా, అక్కడ ప్రతులకు ప్రతులు తీసి అమ్మిరి. ఈ విధముగా, వెళ్లిపోయిన పాట వీడియో రూపమున తిరిగి ఇల్లు చేరెను. రాకపోకలు కష్టమైన కాలమున, లేఖల తరువాత ఇరువైపుల బంధువులను కలిపినది ఈ పాటలే యనవచ్చును.

ఇందులో మన ప్రశ్నకు సంబంధించిన ముఖ్య విషయము ఒకటి కలదు. 1992 మొదలు చాల సంవత్సరములు ఈ ప్రదర్శనలకు వ్యాఖ్యాతగా నుండినవాడు న్గుయెన్ న్గోక్ న్గాన్ అను రచయిత. ఆయనయు పూర్వము ఉపాధ్యాయుడే. 1978లో ఆయన ఎక్కిన పడవ మలేషియా తీరమున మునిగి, భార్యయు కుమారుడును మరణించిరి. ఆయన కెనడాలో స్థిరపడి కథలు, నవలలు వ్రాసెను. వేదికపై ఆయన పాటకు ముందు ఆ పాట ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, అందలి పాత మాటకు అర్థమేమి అని తీరికగా చెప్పెడివాడు. ఆయనతో కూడ వ్యాఖ్యానము చేసిన న్గుయెన్ కావో కీ జుయెన్ వయస్సున చిన్నది. ఆమె యువతరము తరఫున ప్రశ్నలడుగుచు, చమత్కారముగా ఎదురుచెప్పుచు నుండెడిది. పెద్దవాడు చెప్పుట, చిన్నది అడుగుట, పిమ్మట పాట వినుట. ప్రదర్శన ఆ ఇండ్లలో పాఠశాలగా పనిచేయుటకు ఈ పద్ధతియే కారణమని మా అభిప్రాయము.

దీనికి తోడు కరావోకే వచ్చినది. ఇందులో రాగము మాత్రము వినవచ్చును, మాటలు తెరపై కనబడును, పాడవలసినది ఇంటివారే. వియత్నామీయ భాషకు లాటిన్ లిపి గలదు. స్వరములను తెలుపు గుర్తులును అక్షరములపై నుండును. కావున పిల్లవాడు తెరపై మాటలు చూచి పాడునపుడు చదువుటయు పలుకుటయు ఏకకాలమున అభ్యాసమగును.

5. ఈ ఒడ్డున కవి, ఆ ఒడ్డున గొంతు

త్రిన్ కాంగ్ సన్ (1939–2001) యుద్ధమును నిరసించిన గేయకవి. ఆయన పాటలను లోకమునకు వినిపించిన గాయని ఖాన్ లీ. 1960 తరువాతి సంవత్సరములలో వీరిరువురు సైగాన్‌లో విద్యార్థుల నడుమ కూర్చుండి పాడిరి. 1975లో ఖాన్ లీ అమెరికాకు పోయినది. కవి దేశమునందే నిలిచిపోయెను. సైగాన్ లొంగిన దినముననే ఆయన అక్కడి రేడియోలో, ఉత్తరదక్షిణములు చేయి చేయి కలుపవలెనను భావము గల తన పాటను పాడెను. దానికి కొందఱు ప్రవాసులు ఆయనను నిందించిరి. అయినను ఆయన పాటలను వారు మానలేకపోయిరి. కవి ఒక ఒడ్డున, ఆయన గొంతు వేఱొక ఒడ్డున నుండగా, పాట రెండింటికిని చెందియుండెను.

1986లో వియత్నాం ప్రభుత్వము 'దోయ్ మోయ్' అను నూతన విధానమును ఆరంభించెను. నిషేధములు మెల్లమెల్లగా సడలినవి. 1995లో అమెరికాతో దౌత్య సంబంధములు ఏర్పడినవి. ఫామ్ జుయ్ 2005లో స్వదేశమునకు తిరిగి వచ్చి, 2013లో అక్కడనే కన్నుమూసెను. ఆయన పాటలకు కొన్ని కొన్నిగా అనుమతి లభించెను. ఖాన్ లీ 2014లో హనోయిలో పాడినది.

అంతకు పూర్వము 2011లో హనోయిలో పాడిన చే లిన్‌ను గూర్చి మనము ప్రత్యేకముగా తెలిసికొనవలెను. పసుపు పాటలకు పేరుమోసిన ఈ గాయకుడు వియత్నాంలోని చామ్ జాతికి చెందినవాడు. చామ్ ప్రజల పూర్వుల రాజ్యము చంపా. వారి శాసనములు అనేకములు సంస్కృతమున నున్నవి. వారు మీ సన్ అను చోట కట్టిన శివాలయములు నేటికిని నిలిచియున్నవి. నేడు చామ్ భాష అక్కడ అల్పసంఖ్యాకుల భాష. ఒక అల్పసంఖ్యాకుడు అధికసంఖ్యాకుల భాషలో పాడి, వారి గుండెలలో చోటు సంపాదించెను. రెండు భాషలు నేర్చుట నష్టము కాదని మన పిల్లలు దీనివలన గ్రహింపవలెను.

2014 నుండి వియత్నాం టెలివిజనులో బొలేరో పాటల పోటీలు మొదలైనవి. ఒకప్పుడు దాచుకొని విన్న పాటలను యువకులు పోటీపడి పాడిరి. 2017లో 1975కు పూర్వపు పాటలు ఐదింటిని అధికారులు తాత్కాలికముగా ఆపిరి. ప్రజలలో విమర్శ చెలరేగగా, కొద్ది వారములలోనే ఆ ఉత్తర్వును ఉపసంహరించుకొనిరి. ప్రభుత్వములు అనుమతించుటకు ముందే జనులు ఆ పాటలను తిరిగి తమవిగా చేసికొనిరని ఈ సంఘటన తెలుపుచున్నది.

6. పాట చేయలేని పని

పాట సర్వరోగనివారిణి యని మేము చెప్పము. దానికిని కొన్ని కొఱతలు గలవు.

మొదటిది: ప్రవాసుల పాటలోని సైగాన్ 1975లోనే ఆగిపోయినది. ఆ నగరమునకు ఇప్పుడు హో చి మిన్ నగరమని పేరు. అక్కడ పుట్టి పెరిగిన లక్షలమందికి ఆ పాత నగరము తెలియదు. జ్ఞాపకమునందలి ఊరు నేటి ఊరితో సరిపోలకపోవుట ప్రతి ప్రవాసికిని అనుభవమే.

రెండవది: పాట కలుపును, ఒకప్పుడు విడదీయును. 1997లో తల్లి అను అంశముపై వెలువడిన 'పారిస్ బై నైట్' ప్రదర్శనలో చూపిన కొన్ని యుద్ధ దృశ్యములు దక్షిణ సైనికులను అవమానించినవని ప్రవాసులు ఆగ్రహించి నిరసన తెలిపిరి. ఆ భాగమును సంస్థ మార్చవలసి వచ్చెను. మానని గాయముపై పాట చేయి మోపిన, నొప్పియు కలుగును.

మూడవది: ప్రవాసులందఱి కథయు ఒకటి కాదు. వియత్నాం ప్రభుత్వ లెక్క ప్రకారము విదేశములలో నున్న వియత్నామీయులు 50 లక్షలకు పైబడియున్నారు. చెకొస్లొవాకియా, తూర్పు జర్మనీ మొదలగు దేశములకు పనికొఱకును చదువుకొఱకును పోయినవారిలో అనేకులు ఉత్తరాదివారు. వారు పడవలలో పారిపోయినవారు కారు. చెక్ దేశము 2013లో వియత్నామీయులను జాతీయ అల్పసంఖ్యాక వర్గముగా గుర్తించెను. వారి జ్ఞాపకములు వేఱు, వారి పాటలు వేఱు.

నాలుగవది మనకు ముఖ్యమైనది. అమెరికాలో పుట్టిన పిల్లలలో చాలమందికి ఈ పాటలు తాతమ్మల గదిలోని శబ్దముగా మిగిలిపోయినవి. రాగము తెలియును, మాట తెలియదు. ఆ తల్లి మమ్ము అడిగిన ప్రశ్న లిటిల్ సైగాన్‌లోని తల్లులది గూడ.

7. మన సమాధానము

ఆ తల్లికి ఇప్పుడు మేము ఈ విధముగా చెప్పదలచితిమి. అమ్మా, పాట మ్రోగుచున్నంత మాత్రమున భాష నిలువదు. వియత్నామీయుల ఇండ్లలో భాష నిలిచిన చోట, పాటకు ముందు ఒక పెద్దవాడు దాని కథ చెప్పెను. పాట మాటలు పిల్లల కన్నులకు కనబడినవి. పిల్లలు నోరు తెఱచి పాడిరి. ఈ మూడును లేని చోట రాగము మాత్రమే మిగిలినది.

మనకు ఏ నిషేధమును లేదు, సముద్రమును లేదు. రైలెక్కిన కొన్ని గంటలలో ఆంధ్రదేశము చేరుదుము. అయినను దూరము దగ్గఱైన కొలది ప్రయత్నము తగ్గుచున్నదేమో యని మా సందేహము. కావున ప్రతి గృహమునను వారమునకు ఒక్క పాటను ఎన్నుకొనుడు. జోలపాట కావచ్చును, ఊడ్పుల పాట కావచ్చును, సినిమా పాటయైనను దోషము లేదు. తల్లియో, నాయనమ్మయో ఆ పాటను తాము ఎప్పుడు, ఎవరి నోట మొదట వినిరో చెప్పవలెను. పిల్లవాడు దానిని తన చేతివ్రాతతో నోటు పుస్తకమున వ్రాయవలెను. తెలియని మాటలు మూడింటి క్రింద గీతలు గీచి అర్థము అడుగవలెను. పిమ్మట అందఱును కలిసి పాడవలెను. పెద్దలకు అర్థము తెలియని మాట వచ్చిన సిగ్గుపడ నక్కఱలేదు. దానిని బడికి పంపుడు, మేమును నిఘంటువు చూచి నేర్చుకొందుము.

ఆ నోటు పుస్తకములను సంక్రాంతి సెలవుల పిమ్మట తరగతికి తీసికొనిరండు. ఒక్కొక్క ఇంటి పాటను ఒక్కొక్కరు చదివి వినిపింతురు. వచ్చు తలిదండ్రుల సమావేశమున ఆ తల్లియు, ఆమె కుమారుడును కలిసి పాడవలెనని మా కోరిక.

అభ్యాసము

1. వియత్నామీయ భాషలో రాగము మాట స్వరమును ఎందుకు అనుసరింపవలెను? 'మ' అను అక్షరమును ఉదాహరణముగా గొని వివరింపుము.
2. హనోయిని గూర్చిన 1954 నాటి పాటలు 1975 తరువాత ఎట్లు ఉపయోగపడెను?
3. న్గుయెన్ న్గోక్ న్గాన్ పాటకు ముందు ఏమి చేసెడివాడు? దాని ప్రయోజనమేమి?
4. మీ ఇంటిలో అందఱికంటె పెద్దవారిని అడిగి, వారు చిన్ననాట నేర్చిన ఒక పాట కథను పది పంక్తులలో వ్రాయుము.